లావుగా ఉన్నవాళ్ళకి ఫ్యాటీ లివర్ రాకుండా, ముదరకుండా మొక్కల ఎక్స్‌ట్రాక్ట్‌లు: నిజంగా ఏది పనిచేస్తుంది?

హన్మకొండ_వాణి
నాకు 36 ఏళ్ళు. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 81 కిలోలు. పోయిన నెల ఆఫీసు హెల్త్ చెకప్‌లో స్కానింగ్ చేస్తే గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అన్నారు. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు: ఎస్‌జీపీటీ 52, ఎస్‌జీఓటీ 38. "అందరికీ ఉండేదే, బరువు తగ్గండి" అని ఒక్క ముక్క చెప్పి పంపించేశారు.

అందరికీ ఉండేదే అనుకుని నేను ఊరుకోలేను. మా అమ్మ జీవితంలో మందు ముట్టలేదు. లావు, షుగరు ఉండేవి. 59 ఏళ్ళకి పొట్టలో నీరు చేరితే తీసుకెళ్ళాం, సిరోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయింది అన్నారు. ఆఖరి ఏడాది ఆమె చీర కుచ్చిళ్ళు నేనే పెట్టేదాన్ని. కాళ్ళు సన్నగా పుల్లల్లా, పొట్ట మాత్రం బిగుసుకుపోయి ఉండేది. ఆ పొట్ట మీద చెయ్యి ఆనించిన గుర్తు ఇప్పటికీ పోలేదు.

ఆ భయంలో ఫోన్‌లో ప్రకటన చూసి 4,200 రూపాయలు పెట్టి మూడు సీసాల క్యాప్సూల్స్ తెప్పించాను. 90 రోజుల్లో లివర్ క్లీన్ అవుతుందట. సీసా మీద పసుపు ఎక్స్‌ట్రాక్ట్, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, గార్సీనియా, మిల్క్ థిసిల్, మిరియాల ఎక్స్‌ట్రాక్ట్ అని ఉంది. ఇక్కడ మా పెద్దమ్మేమో నేలవేము కషాయం తాగమంటోంది, లేకపోతే నేల ఉసిరి పసరు. ఏది తీసుకోను? ఇంకా ఏదీ మొదలుపెట్టలేదు.

పప్పుచారు_ప్రసాద్
వాణి గారూ, ఇంకా మొదలుపెట్టలేదు కదా, మంచిపని చేశారు. సీసా మూత తియ్యకండి. ఒక్కో క్యాప్సూల్‌లో ఎన్ని మిల్లీగ్రాములో ఇక్కడ రాయండి. పద్మజ గారు చూస్తారు.

గుంటూరు_మిర్చి
పెద్దమ్మ మాట వినండి. నేను నేలవేము 40 రోజులు తాగాను. ఎస్‌జీపీటీ 78 నుంచి 41కి దిగింది. రిపోర్టులు రెండూ నా దగ్గరున్నాయి. మన పెద్దవాళ్ళు ఊరికే చెప్పరు.

ల్యాబ్_లక్ష్మి
@గుంటూరు_మిర్చి అన్నా, ఆ 40 రోజుల్లో బరువేమైనా తగ్గావా?

గుంటూరు_మిర్చి
తగ్గాను. 92 నుంచి 86కి వచ్చా. ఆ చేదుకి రాత్రిపూట అన్నం సహించేది కాదు, మజ్జిగ తాగి పడుకునేవాణ్ణి.

ల్యాబ్_లక్ష్మి
మరి ఎస్‌జీపీటీని దించింది నేలవేమా, పోయిన ఆరు కిలోలా? రోజూ రిపోర్టులు చూసేదాన్ని కాబట్టి అడుగుతున్నా. ఆరు కిలోలు తగ్గినవాళ్ళకి ఏ కషాయం లేకుండానే ఇలాంటి అంకెలు వస్తాయి.

గుంటూరు_మిర్చి
అది నిజమే... ఆ కోణంలో ఆలోచించలేదు. కానీ నేలవేము తాగకపోతే నేను రాత్రి అన్నం మానేవాణ్ణి కాదు తల్లీ!

హన్మకొండ_వాణి
ప్రసాద్ గారూ, ఒక క్యాప్సూల్‌కి: పసుపు ఎక్స్‌ట్రాక్ట్ 500 మి.గ్రా. (95 శాతం కర్కుమినాయిడ్లు), గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ 400, గార్సీనియా 300, మిల్క్ థిసిల్ 100, పైపరిన్ (మిరియాల ఎక్స్‌ట్రాక్ట్) 5. రోజుకి మూడు వేసుకోమని రాశారు.

ఫార్మా_పద్మజ
వాణీ, ఇవి వేసుకోవద్దు. లివర్ బాగుపడాలని కొన్న ఈ సీసాలో లివర్‌ని దెబ్బతీసిన చరిత్ర ఉన్నవి మూడున్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మొదట గ్రీన్ టీ. కప్పులో కాచుకుని తాగే టీతో పేచీ లేదు. ఎక్స్‌ట్రాక్ట్‌లో ఈజీసీజీ అనే పదార్థం గాఢంగా ఉంటుంది. సప్లిమెంట్ల రూపంలో రోజుకి 800 మి.గ్రా., అంతకు మించి ఈజీసీజీ తీసుకున్నవాళ్ళలో లివర్ ఎంజైములు పెరిగాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. మీ సీసా లెక్కన రోజుకి 1,200 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్ట్ లోపలికి వెళ్తుంది. అందులో ఈజీసీజీ ఎంత శాతమో రాయనే లేదు.

రెండోది గార్సీనియా. కేరళవాళ్ళు చేపల పులుసులో వేసే కుడంపులి ఇదే. పులుసులో వేసిన రెండు ముక్కల వల్ల ఏమీ కాదు. బరువు తగ్గడానికని గాఢంగా తీసి అమ్మే క్యాప్సూల్స్ వల్ల హెపటైటిస్ (లివర్ వాపు) వచ్చిన కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి.

మూడోది పసుపు. దీనికి చాలామంది నొచ్చుకుంటారని తెలుసు. పసుపు సప్లిమెంట్ల వల్ల లివర్ దెబ్బతిన్న పదిమంది గురించి 2022లో అమెరికా డాక్టర్లు రాశారు. ఆ పదిమందిలో ఏడుగురికి హెచ్ఎల్ఏ-బీ 35:01 అనే ఒక జన్యు రకం ఉంది. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ పడనివాళ్ళలో కూడా ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. అంటే అందరికీ ఏమీ కాదు, పడనివాళ్ళకి మాత్రం గట్టిగా తగులుతుంది. మనం ఏ కోవలో ఉన్నామో ముందుగా తెలీదు.

కొత్తిమీర_కట్ట
అమ్మో, అయితే కూరలో పసుపు కూడా మానెయ్యాలా? ఇప్పుడే పప్పులో వేసి వచ్చాను.

ఫార్మా_పద్మజ
@కొత్తిమీర_కట్ట మానొద్దు. లెక్క చూడండి. పసుపులో పనిచేసే పదార్థం కర్కుమిన్, అది ఇంచుమించు 3 శాతం. రోజంతా వంటల్లో ఒక మనిషి వంతుకి ఒకటిన్నర గ్రాముల పసుపు వచ్చిందనుకుంటే కర్కుమిన్ 45 మి.గ్రా. అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. వాణి గారి సీసాలో మూడు క్యాప్సూల్స్ కలిపితే 1,400 మి.గ్రా. పైనే. దానికి తోడు పైపరిన్. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్‌లో మనుషుల మీద చేసిన పరీక్షలో పైపరిన్ కలిపితే కర్కుమిన్ ఒంటికి పట్టడం 20 రెట్లు పెరిగింది. పప్పులో వేసే చిటికెడుకీ దీనికీ పోలికే లేదు.

కాకినాడ_సుధ
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు రాయక తప్పట్లేదు. కరోనా రెండో వేవ్‌లో ఇమ్యూనిటీ అని మా ఇంట్లో అందరం తిప్పతీగ మొదలుపెట్టాం. మా పెరటి ప్రహరీ మీదే పాకి ఉండేది. మావారు రోజూ పొద్దున్నే జానెడు కాడ కోసి, రోట్లో దంచి, రెండు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాకా కాచి తాగేవారు. మూడు నెలలు ఒక్కరోజు కూడా మానలేదు. ఆయనకీ 88 కిలోల బరువు, పాత స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ ఉంది. లివర్‌కి కూడా మంచిదేగా అనుకున్నాం.

ఒకరోజు బనియన్ ఉతుకుతుంటే చంకల దగ్గర పసుపుపచ్చని మరక. ఎంత రుద్దినా పోలేదు. మర్నాడు కళ్ళు పచ్చబడ్డాయి. ఎస్‌జీపీటీ 940, కామెర్లని చెప్పే బిలిరుబిన్ 11. వైరస్ టెస్టులన్నీ నెగటివ్. అప్పుడు డాక్టరు గారు "ఇంట్లో ఏమైనా ఆకులు, కషాయాలు తాగుతున్నారా?" అని అడిగారు. నేను ఆ కాడ సంగతి చెప్పాను. అదొక్కటే ఆపించారు, స్టెరాయిడ్ ఇచ్చారు. మామూలు మనిషి కావడానికి రెండున్నర నెలలు పట్టింది. మా చేత్తో మేమే కాచి పోశామే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

ల్యాబ్_లక్ష్మి
అక్కా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు అన్నయ్య ఎలా ఉన్నారు?

కాకినాడ_సుధ
బాగున్నారమ్మా. బరువు కూడా 79కి తెచ్చుకున్నారు.

చరక_శిష్యుడు
నేను ఆయుర్వేదం పీజీ చేస్తున్నాను. సుధ గారికి జరిగినది చాలా బాధాకరం, కాదనను. కానీ ఈ చర్చ మొత్తం ఒకవైపే పోతోంది, అందుకే రాస్తున్నా.

తిప్పతీగలా కనిపించే ఇంకో తీగ ఉంది, టైనోస్పోరా క్రిస్పా. దాని కాడ మీద బుడిపెలు ఎక్కువ. రెండిటినీ పొరబడి వాడుతున్నారని ఆయుష్ శాఖ కూడా అప్పట్లో చెప్పింది. రెండో సంగతి, శాస్త్రంలో ఏ ద్రవ్యమైనా రోగి ప్రకృతి (శరీర తత్వం), అగ్ని (జీర్ణశక్తి), మోతాదు, కాలం చూసి ఇస్తారు. మూడు నెలలు ఎడతెరిపి లేకుండా తాగమని ఏ వైద్యుడూ చెప్పడు. ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూసి తాగి ఆయుర్వేదాన్ని తప్పుపడితే ఎలా?

అలాగే కటుకరోహిణి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. లివర్‌కి వాడే ద్రవ్యాల్లో ముందు చెప్పుకునేది అదే. దాని నుంచి లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ సీడీఆర్ఐ వాళ్ళు పిక్రోలివ్ అనే పదార్థాన్ని వేరుచేసి ఏళ్ళ తరబడి పరిశోధించారు. మొక్కల్లో ఏమీ లేదనడం సరికాదు.

కాకినాడ_సుధ
బాబూ, మా ప్రహరీ మీద తీగ నున్నటి కాడే. ఆకు తమలపాకులా, హృదయం ఆకారంలో. బుడిపెల్లేవు. పక్కింటి వైద్యుడు గారు చూసి తిప్పతీగే అన్నారు.

ఫార్మా_పద్మజ
@చరక_శిష్యుడు మొక్కల్లో ఏమీ లేదని నేననలేదు. ఉంది కాబట్టే భయపడుతున్నా. మోతాదు, కాలం గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటాను. కానీ సుధ గారి ఇంట్లో జరిగింది ఒక్కచోటి మాట కాదు. 2021లో ముంబై డాక్టర్లు ఇలాంటివి ఆరు కేసులు ప్రచురించారు. ఆ తర్వాత ఏడాది దేశంలోని 13 ఆస్పత్రుల నుంచి 43 కేసులు కలిపి ఇంకో పేపరు వచ్చింది. చాలామందిలో ఇది రోగనిరోధక వ్యవస్థే లివర్ మీద తిరగబడే రకం. వాళ్ళలో కొందరికి ముందే లివర్ జబ్బుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళు "లివర్‌కి మంచిదట" అని తాగడం దగ్గరే నాకు టెన్షన్.

ఇంకొకటి అడుగుతా, కోపం వద్దు. కటుకరోహిణి పేరు చెప్పి కొట్లో ఎక్కువగా అమ్ముడయ్యేది ఆరోగ్యవర్ధిని మాత్రలు. అందులో కజ్జలి ఉంటుంది కదా?

చరక_శిష్యుడు
ఉంటుంది. కజ్జలి అంటే శుద్ధి చేసిన పాదరసం, గంధకం కలిపి నూరినది. అందుకే అవి వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి, కొట్లో అడిగి తెచ్చుకునేవి కావు. ఈ విషయంలో మీతో ఏకీభవిస్తాను. వాణి గారికి నా సలహా కూడా అదే: ఆయుర్వేదం కావాలంటే వైద్యుణ్ణి కలవండి, రిపోర్టులు చూపించండి, సీసాలు కొనకండి.

జువాలజీ_మాస్టారు
నలభై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మునగాకు, కరివేపాకు, మెంతులు, ఉసిరి, వీటన్నిటి మీదా "ఫ్యాటీ లివర్ నివారిస్తుంది" అనే పేపర్లు పిల్లలు నాకు పంపిస్తుంటారు. అబద్ధాలేమీ కావు. కానీ అవన్నీ దాదాపు ఎలుకల మీద చేసినవి. ఎలుకకి కేలరీల్లో 60 శాతం కొవ్వే ఉండే మేత పెడతారు. మొదటి రోజు నుంచే పక్కన ఎక్స్‌ట్రాక్ట్ కూడా ఇస్తారు. కొన్ని వారాలయ్యాక లివర్ కోసి చూస్తే ఎక్స్‌ట్రాక్ట్ తిన్న ఎలుకలో కొవ్వు తక్కువ. నిజమే, కానీ మనం ఎలుకలం కాము.

మోతాదు చూడండి. ఎలుకకి కిలో బరువుకి 200 మి.గ్రా. ఇచ్చారనుకుందాం. మనిషికి మార్చాలంటే ఇంచుమించు 6తో భాగిస్తారు. వాణి బరువుకి రోజుకి 2.6 గ్రాముల ఎండు ఎక్స్‌ట్రాక్ట్ అవుతుంది. పది గ్రాముల ఎండాకు నుంచి ఒక గ్రాము ఎక్స్‌ట్రాక్ట్ దిగుతుందనుకుంటే రోజుకి 26 గ్రాముల ఎండాకు, పచ్చిదైతే చేటెడు. అలా నెలల తరబడి తింటే ఏమవుతుందో ఎలుకల పేపరు చెప్పదు. మునగాకు పప్పు, కరివేపాకు పొడి హాయిగా తినండి, అవి మంచి ఆహారం. మందు అనుకుని మోతాదు పెంచుకుంటూ పోకండి.

డల్లాస్_రవి
మాస్టారు గారూ, ఎలుకల సంగతి సరే. మనుషుల మీద చేసినవి ఏమీ లేవా? ఇక్కడ నా ఇండియన్ ఫ్రెండ్స్‌లో సగం మంది మిల్క్ థిసిల్, మిగతా సగం బెర్బెరిన్ వేసుకుంటున్నారు. నేను ఎనిమిది నెలలుగా మిల్క్ థిసిల్ మీదున్నా.

ఫార్మా_పద్మజ
@డల్లాస్_రవి ఉన్నాయి.

మిల్క్ థిసిల్‌లో ఉండేది సిలిమారిన్. మలేసియాలో 99 మందికి 48 వారాలు ఇచ్చి, ముందూ తర్వాతా లివర్ ముక్క తీసి చూశారు. 2017లో వచ్చింది. మోతాదు 700 మి.గ్రా., రోజుకి మూడుసార్లు. జబ్బు తీవ్రత చెప్పుకోదగ్గంత తగ్గినవాళ్ళు మందు వేసుకున్నవాళ్ళలో 33 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 26 శాతం. అంత చిన్న తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు, నిలబడేది కాదు. ఫైబ్రోసిస్‌లో, అంటే లివర్‌లో మచ్చకట్టడంలో కాస్త మెరుగు కనిపించింది, దాన్ని ఇంకా పెద్ద పరీక్షల్లో తేల్చాలి. ఇది మనుషుల్ని పెద్దగా ఇబ్బంది పెట్టే మొక్క కాదు. వాణి గారి క్యాప్సూల్స్‌లో ఉన్నదేమో రోజుకి 300, ఆ పరీక్షలో ఇచ్చినది 2,100.

బెర్బెరిన్ అంటే మన మానుపసుపులో ఉండే పచ్చటి పదార్థం. చైనాలో 184 మంది మీద 16 వారాల పరీక్ష, 2015. ఆహారం, వ్యాయామంతో పాటు బెర్బెరిన్ తీసుకున్నవాళ్ళకి లివర్‌లో కొవ్వు 52.7 శాతం తగ్గింది. అవే ఆహారం, వ్యాయామంతో బెర్బెరిన్ లేనివాళ్ళకి 36.4 శాతం తగ్గింది. అందరూ మొదటి అంకె చూసి సీసా కొంటారు. రెండో అంకె చూడండి, తిండి, నడకలతోనే మూడో వంతు పైగా కొవ్వు పోయింది. గర్భిణులు బెర్బెరిన్ అసలు ముట్టకూడదు. వేరే మందులతో కూడా గొడవ పడుతుంది.

కొత్తిమీర_కట్ట
మన కూరగాయల బండి మీద దొరికేది ఏదైనా చెప్పండి పద్మజ గారూ!

ఫార్మా_పద్మజ
గోంగూర :) నిజంగానే. ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే ఎర్రటి రెక్కల ఎక్స్‌ట్రాక్ట్‌ని తైవాన్‌లో లావుగా ఉన్న 36 మంది మీద 12 వారాలు పరీక్షించారు. బరువు, నడుము చుట్టుకొలత, లివర్ కొవ్వు కాస్త తగ్గాయన్నారు. చాలా చిన్న పరీక్ష. ఆకు కాదు, రెక్కలు.

పుంటికూర_పోశయ్య
మా దగ్గర పుంటికూర అంటం. నూనె తేలేట్టు చేసి, నాలుగు ముద్దల అన్నం ఎక్కువ తినిపిచ్చేది అదే కదా. ఇగ లివర్‌కి ఏం మేలైతది!

గుంటూరు_మిర్చి
@పుంటికూర_పోశయ్య అన్నా, గోంగూర జోలికి రావద్దు. మిగతావన్నీ ఒప్పుకున్నా.

ల్యాబ్_లక్ష్మి
అసలు అందరికన్నా ఎక్కువ సాక్ష్యం ఉన్న మొక్క కషాయం కాఫీ. బ్రిటన్‌లో 4,94,585 మంది వివరాలు చూసి 2021లో రాశారు. కాఫీ తాగేవాళ్ళలో దీర్ఘకాలిక లివర్ జబ్బు 21 శాతం తక్కువ, ఆ జబ్బుతో చనిపోవడం 49 శాతం తక్కువ. కాఫీయే కారణమని దీంతో తేలిపోదు కానీ చాలా దేశాల్లో ఇదే కనిపిస్తోంది. రోజుకి రెండు మూడు కప్పులు. చక్కెర లేకుండా!

పప్పుచారు_ప్రసాద్
బెల్లం వెయ్యొచ్చా?

ల్యాబ్_లక్ష్మి
వద్దు. లివర్‌కి బెల్లమైనా చక్కెరైనా ఒకటే. తేనె కూడా.

మాదాపూర్_మధు
నేను ఐటీ. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు, ఏఐజీ ఆస్పత్రి డాక్టర్లు పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు, 71 శాతం మందికి ఊబకాయం. 2025లో వచ్చిన పేపరు. మా ఫ్లోర్‌లో నాకు తెలిసి అందరూ గ్రేడ్ 1 లేదా 2. గ్రీన్ టీ ప్యాకెట్ డెస్క్ మీద పెట్టుకుని, రాత్రి పదకొండుకి బిర్యానీ ఆర్డర్ పెట్టేవాళ్ళం. ఆ పదకొండు గంటల భోజనం ఒక్కటి ఎనిమిదిన్నరకి మార్చి, సగం చేశాను. ఆరు నెలల్లో 9 కిలోలు. ఏ ఎక్స్‌ట్రాక్టూ లేదు.

జువాలజీ_మాస్టారు
వాణీ, నీకు పనికొచ్చే లెక్క ఒకటి. 5 శాతం బరువు తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 7 నుంచి 10 శాతానికి వాపు తగ్గుతుంది. క్యూబాలో 293 మందిని ఏడాది పాటు చూసి 2015లో రాశారు. 10 శాతం, అంతకు మించి తగ్గినవాళ్ళలో నూటికి తొంభై మందికి లివర్ వాపు జబ్బు పోయింది, నూటికి 45 మందికి మచ్చకట్టిన ఫైబ్రోసిస్ కూడా వెనక్కి మళ్ళింది. ఇంతటి ఫలితం చూపించిన మొక్కను నేను చూడలేదు. నీకు 5 శాతం అంటే 4 కిలోలు, 10 శాతం అంటే 8.

ఇంకోటి. అమ్మకి సిరోసిస్ వచ్చింది కాబట్టి గ్రేడ్ అనే మాట దగ్గర ఆగిపోకు. స్కానింగ్‌లో గ్రేడ్ కొవ్వెంతో చెబుతుంది, మచ్చ కట్టిందో లేదో చెప్పదు. నీ ప్లేట్‌లెట్స్ ఎంత?

హన్మకొండ_వాణి
2 లక్షల 60 వేలు మాస్టారూ.

ల్యాబ్_లక్ష్మి
లివర్‌లో మచ్చ ఎంతో అంచనా వేసే ఫిబ్-4 లెక్క నేను వేస్తా. వయసు 36ని ఎస్‌జీఓటీ 38తో గుణిస్తే 1368. ఎస్‌జీపీటీ 52కి వర్గమూలం 7.2, దాన్ని 260తో (ప్లేట్‌లెట్స్, వేలల్లో) గుణిస్తే 1875. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.73. 1.3 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. అయినా ఇంట్లో చరిత్ర ఉంది కాబట్టి ఒకసారి ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కానింగ్) చేయించుకో అక్కా. సూది గుచ్చరు, పది నిమిషాల పని. షుగర్ టెస్ట్ కూడా.

హన్మకొండ_వాణి
0.73 చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అమ్మకి ఈ లెక్క ఎవరూ వేయలేదు. అన్నీ సాధారణ రక్తపరీక్షల అంకెలే, మా ఇంట్లో ఫైలులో ఏళ్ళ తరబడి ఉన్నవే.

సీసాలు వాపసు తీసుకోమని ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

ఫార్మా_పద్మజ
జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్యండి. లేబుల్, ప్రకటన రెండూ ఫొటో తీసి పెట్టుకోండి. జబ్బు నయం చేస్తామని ఫుడ్ సప్లిమెంట్ మీద ప్రకటించకూడదు.

హన్మకొండ_వాణి
(నాలుగు నెలల తర్వాత)
అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి చెప్తున్నా. ఫైబ్రోస్కాన్‌లో మచ్చ లేదు, కొవ్వు మాత్రం ఉంది. షుగరు సరిహద్దులో ఉందన్నారు. ఇప్పుడు బరువు 75.6, అంటే 5.4 కిలోలు తగ్గాను. ఎస్‌జీపీటీ 33.

చేసింది ఇదీ. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర ఉండేది. అది పూర్తిగా మానేసి రెండు ఫిల్టర్ కాఫీలు తాగుతున్నా, చక్కెర లేకుండా. మొదటి వారం ఏడుపొచ్చింది, ఇప్పుడు తియ్యటి కాఫీ నోట్లో పెట్టలేను. రాత్రి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. భోజనం అయ్యాక భద్రకాళి చెరువు గట్టు మీద 40 నిమిషాల నడక. పెద్దమ్మ కూడా నాతో వస్తోంది. నేలవేము సంగతి ఆవిడే మర్చిపోయింది.

ఫిర్యాదు నమోదైంది, డబ్బులింకా రాలేదు.

కాకినాడ_సుధ
సంతోషం తల్లీ. ఆ సీసాలు మాత్రం పనమ్మాయికో ఇంకెవరికో ఇచ్చెయ్యకు. క్యాప్సూల్స్ విప్పి చెత్తలో కలిపెయ్యి.

హన్మకొండ_వాణి
ఫిర్యాదు తేలేదాకా ఒక సీసా ఉంచాలన్నారు అక్కా. మిగతా రెండూ ఈ సాయంత్రమే పారేస్తా.